తాళం వేసే ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

కార్తీక మాసం సగానికి వచ్చేసరికి మా నాచారం వీధుల్లో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. ‘‘ఈసారి ఎప్పుడు బయల్దేరుతున్నారు?’’ ఇదివరకు ఈ మాట సంక్రాంతి ప్రయాణం గురించే. నాలుగు రోజులు ఊరెళ్ళడం, అరిసెల డబ్బాతో తిరిగి రావడం, అంతే. ఇప్పుడలా కాదు. రిటైరైనవాళ్ళు, పిల్లలు చెన్నైలోనో బెంగళూరులోనో స్థిరపడినవాళ్ళు డిసెంబరులో తాళం వేస్తే మళ్ళీ రథసప్తమి వెళ్ళాకే తలుపు తీస్తున్నారు. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం కాలనీల్లో మా వయసువాళ్ళ ఇళ్ళు చూడండి, చలికాలంలో ప్రతి వీధికీ రెండు మూడు గేట్లకి తాళాలు వేలాడుతుంటాయి.

మాకిది మూడో చలికాలం. అమ్మాయి చెన్నైలో తాంబరం దగ్గర ఉంటోంది. వెళ్ళడమంటే బ్యాగు సర్దుకోవడం కాదు. యాభై, అరవై రోజులు మనిషి లేని ఇంటిని అప్పగించి వెళ్ళడం. దానికి ముందు కనీసం నెల రోజుల పని ఉంటుంది. రెండేళ్ళుగా ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వస్తున్న ఆ జాబితానే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. మీకు సరిపడినంత తీసుకోండి.

చలికన్నా దుమ్ముతోనే భయం

మావారికి 69 ఏళ్ళు. నాచారం పారిశ్రామికవాడలో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు కుంచించుకుపోయే జబ్బు ఉంది. డాక్టర్లు సీఓపీడీ అంటారు. నిజానికి హైదరాబాదు చలి ఢిల్లీ చలిలాంటిది కాదు. డిసెంబరు రాత్రుళ్ళు మామూలుగా 14, 15 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకాస్త కిందికి. కానీ చలికాలంలో రాత్రిపూట నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటిపెట్టుకున్న గాలి బరువెక్కి కిందనే నిలిచిపోతుంది. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, రోడ్డు దుమ్ము పైకి పోయే దారి లేక తెల్లవారేదాకా మన ముక్కు ఎత్తులోనే తిరుగుతాయి.

మా వైపు దానికి తోడు తవ్వకాలు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగాయి. ఆ దారిన ఆటోలో వెళ్ళినవాళ్ళకి దుమ్ము గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 2022 డిసెంబరు, 2023 జనవరి మధ్య మావారిని మూడుసార్లు నెబ్యులైజరు కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడోసారి డాక్టరే అన్నారు, ‘‘పిల్లలు ఎక్కడుంటారమ్మా? ఈ రెండు నెలలూ అక్కడుండి రాకూడదూ?’’ అని. అలా మొదలైంది మా వలస.

ఒక మాట మాత్రం చెప్పాలి. చెన్నై వెళ్తే జబ్బు పోతుందని కాదు. జనవరిలో అక్కడ రాత్రి 20 డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి చలిగాలి బాధ తక్కువ. కానీ తేమ ఎక్కువ. భోగి తెల్లవారుజామున పాత సామాను తగలబెట్టే పొగ ఊరంతా కమ్ముకుంటుంది. ఆ రోజు ఎండెక్కేదాకా మావారు గది దాటరు. వెళ్ళేముందు డాక్టరుకి చూపించుకోవడం, ఫ్లూ టీకా వేయించుకోవడం, ఇన్‌హేలర్లు, మందులు రెండు నెలలకి సరిపడా కొనుక్కోవడం మా జాబితాలో అన్నిటికన్నా పైన ఉంటాయి. చీటీ ఫొటో తీసి అమ్మాయి ఫోనుకి కూడా పంపుతాను.

ముందు మేస్త్రీ, తర్వాత ప్లంబరు, చివర ఎలక్ట్రీషియన్

మనిషి లేని ఇంటిని దొంగకన్నా ముందు పాడుచేసేది నీళ్ళు. అందుకే మరమ్మతులకి ఒక వరస పెట్టుకున్నాం. ఆ వరస మారితే ఖర్చు రెండింతలవుతుంది.

మొదట మేస్త్రీ. వానలు అక్టోబరుతో వెనకపడతాయి. నవంబరులో డాబా ఆరి ఉంటుంది, పగుళ్ళు కంటికి కనిపిస్తాయి. మాది 1994లో కట్టిన ఇల్లు. పిట్టగోడ స్లాబుని కలిసే మూల దగ్గర ప్రతి రెండేళ్ళకీ సన్నటి పగులు వస్తుంది. ఆ పగులుని కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో పూడ్పించాలి. తర్వాత వారం రోజులు తడపాలి. పైన వానగొట్టం మూతికున్న జాలీలో వేపాకు పేరుకుపోతే చిన్న వానకే డాబా చెరువవుతుంది. అది కూడా అప్పుడే తీయించాలి. నిరుడు మేస్త్రీకి సామానుతో కలిపి 6,500 అయింది. అడ్డా మీద నుంచి తెచ్చుకునే కూలీ తక్కువకి దొరుకుతాడు కానీ, డాబా పనికి మాత్రం ఇదివరకు మన ఇల్లు చూసిన మేస్త్రీయే మేలు. ఎక్కడ కారుతుందో అతనికి గుర్తుంటుంది.

తర్వాత ప్లంబరు. పక్క వీధిలో ఒక పెద్దాయన ఇంట్లో జరిగింది చెప్తాను. ఫ్లష్ ట్యాంకులో వాషరు గట్టిపడి నీళ్ళు సన్నగా కారుతూనే ఉన్నాయి. పైన ట్యాంకు ఖాళీ అయితే ఆటోమేటిక్‌గా మోటారు వేసుకునే ఏర్పాటు ఉంది. వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు ట్యాంకు ఖాళీ అయింది, మోటారు వేసుకుంది, మళ్ళీ ఖాళీ, మళ్ళీ మోటారు. నల్లా రాని రోజున సంపు ఎండిపోయింది. మోటారు నీళ్ళు లేకుండా తిరిగి తిరిగి కాలిపోయింది. ముప్ఫై రూపాయల వాషరు మోటారుని తినేసింది.

లెక్క వేసి చూడండి. నిమిషానికి పావు లీటరు కారే కుళాయి రోజుకి 360 లీటర్లు వదుల్తుంది. 50 రోజులకి 18,000 లీటర్లు! హైదరాబాదు జలమండలి 2021 జనవరి నుంచి ఇళ్ళకి నెలకి ఉచితంగా ఇస్తున్నది 20,000 లీటర్లు. అంటే ఒక నెల కోటా దాదాపుగా మోరీ పాలు. అందుకే ప్లంబరు చేత వాషర్లు మార్పించడంతో పాటు, సంపులోకి నల్లా నీళ్ళు వచ్చే వాల్వు, పైన ట్యాంకు నుంచి కిందికి దిగే వాల్వు రెండూ పూర్తిగా బిగుసుకుంటున్నాయో లేదో చూడమంటాను. ఏళ్ళుగా తిప్పని గేట్ వాల్వు అవసరమైన రోజున కదలదు. ఇత్తడి బాల్ వాల్వు పెట్టించుకుంటే పని సులువు. మాకు ప్లంబరు ఖర్చు 1,850 వచ్చింది.

ఎలక్ట్రీషియన్‌ని చివర ఎందుకంటే, గోడ చెమ్మ తగ్గాకే స్విచ్‌బోర్డు విప్పాలి. ముందే పిలిస్తే అతను చూసి, ‘‘గోడ ఆరనివ్వండమ్మా’’ అని వచ్చిన చార్జీ తీసుకుని వెళ్తాడు.

కరెంటు, ఫ్రిజ్, గ్యాసు

ఫ్రిజ్ ఖాళీ చేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి తలుపు రెండు వేళ్ళ సందు ఉండేలా తెరిచి వదలాలి. మూసేస్తే బూజు పడుతుంది, ఆ వాసన వేసవిదాకా పోదు. ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గుర్తుదాకా పోయించి, పూర్తిగా చార్జి చేసి ఆపేయాలి. ఆ తర్వాత మెయిన్ ఆఫ్. ఇక కరెంటు మీటరు ఇంటి లోపల ఉంటే రీడింగు తీసేవాళ్ళు తాళం చూసి వెనక్కి పోతారు. అలాంటప్పుడు బిల్లు సగటు మీద వేస్తారు. వాడని కరెంటుకి కట్టి, తర్వాత సర్దుబాటు కోసం తిరగాలి. మీటరు గేటు దగ్గర, బయట నుంచి కనిపించేలా ఉంటే ఆ తలనొప్పి ఉండదు.

గ్యాసు రెగ్యులేటరు తీసి సిలిండరుకి మూత పెట్టాలి. గొట్టం మీద తయారైన సంవత్సరం ముద్ర ఉంటుంది. సురక్షా గొట్టాన్ని అయిదేళ్ళకి మార్చాలి. గ్యాసు లీకు ఫిర్యాదులకి దేశమంతటా 1906 నంబరు ఉంది. అది పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళండి. మన ఇంట్లో వాసన వస్తే మొదట తెలిసేది వాళ్ళకే.

బాత్రూముల సంగతి చాలామంది మర్చిపోతారు. నేల మీది జాలీ కింద కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి, డ్రైనేజీ గాలినీ బొద్దింకల్నీ ఆపేది అవే. రెండు మూడు వారాల్లో ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. వెళ్ళేరోజు ఒక చెంబు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే ఆవిరి కావడం ఆలస్యమవుతుంది. బక్కెట్లు, కూలరు, పూలకుండీల కింది పళ్ళేలు బోర్లించండి. నిలవ నీళ్ళలో పదిరోజుల్లోపే దోమలు తయారవుతాయి. మనం లేకపోయినా పక్కింట్లో పసిపిల్లలుంటారు.

బిల్లుల చిట్టా

ఇల్లు మూసినా బిల్లులు ఆగవు. కరెంటు ఒక్క యూనిట్ వాడకపోయినా కొంత చార్జీ పడుతూనే ఉంటుంది. టీజీఎస్పీడీసీఎల్ బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీస్ నంబరు, జలమండలి బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు, ఆస్తిపన్ను పీటీఐఎన్ నంబరు, మూడూ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటే ఎక్కడి నుంచైనా ఫోనులో కట్టొచ్చు. ఉచిత నీళ్ళు రావాలంటే మీటరు పనిచేస్తూ ఉండాలి, క్యాన్ నంబరుకి ఆధార్ జోడించి ఉండాలి. 2024లో మొదలైన గృహజ్యోతి ఉన్నవాళ్ళకి నెలకి 200 యూనిట్ల లోపు అయితే సున్నా బిల్లే. అయితే బయల్దేరే నెలలో గీజరు, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషీను తెగ తిరుగుతాయి, ఆ నెల 200 దాటకుండా చూసుకోవాలి.

ఆస్తిపన్ను అర్ధ సంవత్సరాల లెక్క. ఏప్రిల్‌లో ఏడాది మొత్తం కట్టేవాళ్ళకి జీహెచ్‌ఎంసీ ఎర్లీబర్డ్ పేరుతో 5 శాతం తగ్గిస్తూ వచ్చింది. అప్పుడు కట్టేసినవాళ్ళు నిశ్చింతగా రైలెక్కొచ్చు. లేకపోతే అక్టోబరు నుంచి మార్చి దాకా లెక్క ఇప్పుడే తీర్చేయండి. బకాయి పడితే నెలకి 2 శాతం వడ్డీ, ఏ బ్యాంకూ మన డిపాజిట్టుకి అంత ఇవ్వదు!

ఎల్‌ఐసీ ప్రీమియం ఏడాదికీ, ఆరు నెలలకీ, మూడు నెలలకీ కట్టేవారికి గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. నెలనెలా కట్టేవారికి 15 రోజులే. పింఛనుదారులకి అసలు పని నవంబరులోనే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఈ నెలలోనే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మావారిలా ఈపీఎస్ పింఛను తీసుకునేవాళ్ళు ఏడాదిలో ఎప్పుడిచ్చినా, ఆ రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ఫోను ముందు ముఖం చూపిస్తే సరిపోతుంది కాబట్టి వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకి బాధ తప్పింది.

బంగారం సంగతి వేరే చెప్పాలా? బ్యాంకు లాకరులోకే. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులో దొంగతనమో, అగ్నిప్రమాదమో, ఉద్యోగి మోసమో జరిగితే లాకరు ఏడాది అద్దెకి వంద రెట్ల దాకానే బాధ్యత. మొత్తం విలువ కాదు. అయినా బీరువాకన్నా అదే నయం.

మనుషుల లెక్క

పాలు, పేపరు, ఇస్త్రీ, కిరాణా పద్దు, ఇవి రెండు పూటల్లో తేలిపోతాయి. పేపరు అబ్బాయికి తేదీ రాసి ఇవ్వాలి. గేటులో పడి ఉన్న పేపర్ల కుప్పే ఇంట్లో మనుషుల్లేరని వీధికంతా చెప్తుంది. తేలనిది ఒకటే లెక్క, పనామెది.

మా పనామె తొమ్మిదేళ్ళుగా వస్తోంది. అయిదిళ్ళు చేస్తుంది. ఇల్లొక్కింటికి సుమారు 2,000 చొప్పున నెలకి పదివేలు. మొదటి ఏడాది మేం బయల్దేరే ముందు, ‘‘రెండు నెలలు రాం, వచ్చాక ఫోను చేస్తాను’’ అన్నాను. ఆమె గిన్నె తోముతూనే అంది, ‘‘మీ ఇల్లే కాదమ్మా, ఎదురింటోల్లు బెంగుళూరు పోతున్నరు, మూల మీది సారు కొడుకు దగ్గరికి పోతున్నడు. మూడిండ్లు బందైతే నాకు మిగిలేది నాలుగు వేలు. గా పైసలతోని ఇంటి కిరాయి కట్టాల్నా, పండుగ చెయ్యాల్నా?’’

మన చలికాలం ఆమెకి ఆదాయంలో ఆరు వేలు తగ్గే కాలమని నాకు అప్పుడే తెలిసింది. రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకున్నాం. మావారు సగం జీతం ఇద్దామన్నారు. అమ్మాయి ఫోనులో ఒప్పుకోలేదు. ‘‘చెయ్యని పనికి జీతమేంటమ్మా? మీ పింఛనెంత, మీరిచ్చేదెంత?’’ అంది. దాని మాటలో తప్పులేదు. ఈపీఎస్ పింఛను ఎంతుంటుందో తెలిసినవాళ్ళెవరికైనా ఆ మాట అర్థమవుతుంది. కానీ నేను ఇంకో లెక్క చెప్పాను. ఆమె వేరే ఇల్లు పట్టుకుంటే ఫిబ్రవరిలో నాకు మనిషి దొరకడం ఎంత కష్టం? కొత్త మనిషికి ఇల్లు అప్పగించడానికి ఎన్నేళ్ళు పడుతుంది? ఆ మాట పక్కన పెట్టినా, ఉద్యోగంలో ఉన్నప్పుడు మావారికి సెలవు జీతం వచ్చేది. ఆమెకి సెలవు మనం పెడుతున్నప్పుడు అందులో సగమైనా మనం ఇవ్వాలి కదా!

ఎదురింటావిడతో, మూల మీది ఆయనతో నేనే మాట్లాడాను. ఆయన కాస్త నసిగారు కానీ చివరికి సరేనన్నారు. మూడిళ్ళూ సగం జీతం. నాలుగు వేలు కాస్తా ఏడు వేలయింది. దానికి బదులు ఆమె వారానికోసారి వచ్చి గంటసేపు ఇల్లు తెరుస్తుంది. కిటికీలు తీసి గాలి తగలనిస్తుంది, జాలీల్లో చెంబుడు నీళ్ళు పోస్తుంది, గేటు ముందు ఊడ్చి ముగ్గేస్తుంది, చెదపురుగు దారి ఎక్కడైనా కనిపిస్తే ఫొటో తీసి పంపుతుంది. నిరుడు జనవరిలో వంటింటి గోడ వెంట మట్టిదారి చూసి కబురు పెట్టింది ఆమే. మందు కొట్టించేసరికి చెద ఒక్క అలమర తలుపు దగ్గరే ఆగింది. డబ్బు ఎలా ఇవ్వాలో కూడా ముందే అనుకున్నాం. మొదటి నెలది బయల్దేరేముందు చేతికి, రెండోది జనవరి ఒకటిన వాళ్ళబ్బాయి ఫోనుకి.

తాళంచెవి ఇవ్వడం మీద మా వీధిలో ఇంకా వాదనలు జరుగుతూనే ఉన్నాయి. వరండా తాళం ఒక్కటే ఇచ్చేవాళ్ళున్నారు, కెమెరా పెట్టుకున్నవాళ్ళున్నారు. కెమెరా చూస్తుందే కానీ కిటికీ తియ్యదు. మేం విలువైనవి లాకరులో పెట్టి, బీరువా ఉన్న గదికి విడిగా తాళం వేసి, మిగతా ఇల్లు ఆమెకి అప్పగిస్తున్నాం. రెండో తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గర. ఊరెళ్ళే సంగతి స్థానిక పోలీసు స్టేషనులో చెప్పి వెళ్ళమని ప్రతి సంక్రాంతికీ పోలీసులే చెప్తుంటారు. చెప్తే గస్తీ తిరిగేవాళ్ళు ఆ ఇంటి మీద ఓ కన్నేస్తారు. రైలెక్కగానే వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టకండి. ఆ సరదా తిరిగొచ్చాక తీర్చుకోవచ్చు.

ఏ తేదీకి ప్రయాణం?

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది. డిసెంబరు మూడో వారం ప్రయాణానికి అక్టోబరు మూడో వారంలోనే కూర్చోవాలి. తిరుగు టికెట్టుకి కూడా తేదీ రాసిపెట్టుకోండి. డిసెంబరు మొదట్లో మాత్రం చెన్నై వద్దు. అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికింకా ఉంటాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది. ధనుర్మాసం వచ్చాక బయల్దేరితే వానల భయం తగ్గుతుంది. మైలాపూరు వైపు కచేరీలు కూడా అప్పుడే జోరుగా ఉంటాయి. మా వైపువాళ్ళకి ఇంకో సుఖం, 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. చెన్నై ఎక్స్‌ప్రెస్ ఒకటి ఇప్పుడు అక్కడి నుంచే ఉంది. సికింద్రాబాదు దాకా వెళ్ళి మెట్లెక్కి దిగే ఆయాసం మావారికి తప్పింది.

ఇంత తిప్పలెందుకు, ఇల్లమ్మేసి ఇక్కడికే వచ్చేయండి అంటుంది అమ్మాయి ప్రతి ఏడూ. ఈసారి అల్లుడుగారు కూడా అన్నారు. మావారు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే మేస్త్రీకి ఫోను చేసి, పిట్టగోడతో పాటు మెట్ల పక్క గోడకి కూడా పూత వేయాలంటే ఎంతవుతుందని అడిగారు. నాలుగు వేలట. వేయించమన్నారు. ఒకరోజు మాకూ ఆ నిర్ణయం తప్పకపోవచ్చు. ఆయాసం పెరిగితే ఇద్దరం ఇక్కడ ఉండలేం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఈ ఏడాదికి మాత్రం తిరుగు టికెట్టు తీసుకునే వెళ్తున్నాం.

తాళం వేసే రోజు...

• సంపు వాల్వు, ట్యాంకు వాల్వు కట్టేసి, కుళాయిలు తిప్పి చూడండి. చుక్క రాకూడదు.
• గ్యాసు రెగ్యులేటరు తీసి సిలిండరుకి మూత పెట్టండి.
• ఫ్రిజ్ తలుపు సందు ఉంచి, ఇన్వర్టరు ఆపి, ఆఖర్న మెయిన్ ఆఫ్ చెయ్యండి.
• బియ్యం డబ్బాలో ఎండుమిర్చి, పప్పుల్లో వేపాకు వేసి బిగించండి. ఉల్లి, బంగాళాదుంప ఒక్కటి కూడా వదలకండి.
• కరెంటు, నీళ్ళు, పన్ను నంబర్ల కాగితం, మందుల చీటీ, లాకరు తాళంచెవి మీ చేతి సంచిలోనే ఉండాలి.
• తులసికోట దగ్గర నీళ్ళు ఎవరు పోస్తారో పేరు పెట్టి చెప్పి వెళ్ళండి. ‘ఎవరో ఒకరు పోస్తార్లే’ అనుకున్న మొక్క బతకదు.
• పక్కింటివాళ్ళకి తిరిగొచ్చే తేదీ చెప్పండి. ఆ రోజు పాలప్యాకెట్టు వాళ్ళే తీసిపెడతారు.